హైమావతి గొంతు

పాతికేళ్లు హీరోయిన్లకు డబ్బింగ్ చెప్పిన హైమావతి, అవకాశాలు తగ్గాక తన గొంతును ఒక కంపెనీకి అమ్మేసింది. ఇప్పుడు లిఫ్టులు, బస్సులు, ఫోన్లో సరుకులు అంటగట్టే యంత్రాలు అన్నీ ఆ గొంతుతోనే మాట్లాడుతున్నాయి.

మధ్యాహ్నం అన్నం తింటూ ఆమె భర్త చలపతి గుండె పట్టుకుని కూలిపోయాడు. అంబులెన్సుకు ఫోన్ చేసింది.

"మా ఆయన పడిపోయాడండీ, తొందరగా రండి!"

"యంత్రాలతో ఇక్కడికి కూడా ఫోన్లు చేయిస్తున్నారా? సిగ్గులేదూ!" అంటూ అవతలివాడు పెట్టేశాడు.

బాల్కనీలోంచి కాపాడమని అరిచింది. కింద జనం ఏదో ప్రకటన అనుకుని తలైనా ఎత్తలేదు.

మెట్లు దిగి పరుగెత్తి, ఎదురొచ్చిన ఆటోకు అడ్డంగా నిలబడింది.

"ఏందమ్మా, ఏమైంది?" అంటూ డ్రైవరు దిగాడు.

నోరు విప్పితే ఇతనూ వెళ్లిపోతాడేమోనని, హైమావతి కొంగు నోట్లో కుక్కుకుని, అతని చెయ్యి పట్టుకుని మెట్లవైపు లాక్కుపోయింది.