అడుగు వరసలో రాయి

తిప్పయ్య గడ్డపారను ఆఫీసు గోడకు ఆనించి లోపలికి వచ్చేసరికి, ప్రిన్సిపాలు జయరాముడు ఎర్ర సిరాతో ఒక గీత గీయబోతున్నాడు.

అది ముదిగుబ్బ దగ్గరి జనతా కాలేజీ. పేరుకే కాలేజీ. పల్లెల్లోని పెద్దవాళ్లకు వడ్రంగం, కుట్టుపని, గొర్రెల వైద్యం నేర్పే నాలుగు రేకుల గదులు.

వచ్చే ఏడు ఏమేం నేర్పుతారో ఆ జాబితా ఆరోజే అనంతపురం పై ఆఫీసుకు పోవాలి. ‘బావి పని’ కొట్టేసి ఆ చోట ‘టైపు’ రాయాలని జయరాముడి ఉబలాటం. మూడు టైపు మిషన్లు అప్పుడే వచ్చి కూర్చున్నాయి కూడా.

“బావి పని నేర్పే మనిషి కావాలంటిరంట గదా సామీ. వచ్చినా” అన్నాడు తిప్పయ్య.

“సర్టిఫికెట్టు ఉండాదా?”

“యాడిదప్పా? నలభై బావులు తవ్వినా.”

“చదువొచ్చునా?”

“నా పనికి కావల్సినంత వచ్చు.”

గుమాస్తా ఆంజినప్ప కిసుక్కున నవ్వాడు. జయరాముడికీ వేళాకోళం పుట్టింది. ఒక తెల్లకాగితం ముందుకు తోశాడు.

“అయితే నీకొచ్చిందేందో దీని మీద రాయి, చూస్తాం.”

తిప్పయ్య నేల మీద చతికిలబడ్డాడు. పెన్నును ఉలి పట్టినట్టు పట్టి, ఒక గుండ్రం గీశాడు. దానిలోంచి పక్కకు ఒక గీత లాగాడు. గీత కొసన మూడు చుక్కలు పెట్టాడు.

“ఏమప్పా ఇది? పిల్లోళ్లు ఆడుకునే గీతల మాదిరి?”

“రాతే సామీ. నువ్వు చదవాల్సిన దినం రాకుంటే మేలు.”

జయరాముడికి ఒళ్లు మండింది. కాగితం మీద తిప్పయ్య పేరు రాసి, పక్కనే ఎర్ర సిరాతో ‘చదువు రాదు’ అని రాశాడు. ఆ చేత్తోనే జాబితాలో బావి పని మీద గీత లాగేశాడు.

తిప్పయ్య బతిమాలలేదు.

“కొట్టేసుకో సామీ. నీ మిషన్లు దప్పిక తీరుస్తాయేమో చూస్తా. మేం మాత్రం తవ్వేది మానం.”

పోతూ పోతూ కాలేజీ బావి దగ్గర ఆగి తొంగి చూశాడు. గట్టు మీద నాపరాతి పలకలో గుత్తేదారు పేరు నిగనిగలాడుతోంది. దాని వంక చూడనైనా చూడలేదు.

“ఉండాయిలే నీళ్లు” అనుకుని, గడ్డపార భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

మూడేళ్లు గడిచాయి. పంతొమ్మిది వందల అరవై ఆరు ఎండాకాలానికి చుట్టుపక్కల బావులన్నీ ఎండిపోయాయి. టైపు నేర్చుకునేవాళ్లు మిషన్లు వదిలేసి, బిందెలు పట్టుకుని కాలేజీ బావి దగ్గర నిలబడ్డారు.

ఆఖరికి అదీ ఎండింది.

నీళ్లు లేకపోతే కాలేజీ మూసేయమని అనంతపురం నుంచి కాగితం వచ్చింది.

“మూయను” అన్నాడు జయరాముడు. “ఆంజినప్పా, బావులు తవ్వే ఆ ముసలాయన, తిప్పయ్యది కొత్తచెరువు గదా? పోయి పిల్చుకొని రా.”

ఆంజినప్ప తీసుకొచ్చింది ముసలాయన్ని కాదు, ఒక ముసలావిణ్ణి. భుజాన అదే గడ్డపార.

“ఆయప్ప పోయి ఏడాదాయ. నేను ఆయప్ప పెండ్లాన్ని, మారెక్కను. ఆయప్ప తవ్వితే మన్ను ఎత్తిందాన్ని. దిగమంటే దిగుతా. చదువొచ్చునా అని అడిగితే మాత్రం ఇట్నుంచి ఇట్లే తిరిగి పోతా.”

జయరాముడికి తల తీసేసినట్టయింది. ఆమె వెనకే బావిలోకి దిగాడు.

అడుగున, రాతికట్టు మొదలయ్యే వరస దగ్గర మారెక్క కూర్చుంది. ఒక రాయికి పట్టిన పాచిని కొంగుతో గట్టిగా రుద్దింది.

గుండ్రం. తూర్పుకు లాగిన గీత. మూడు చుక్కలు.

మూడేళ్ల కింద తిప్పయ్య కాగితం మీద గీసిన గీతలే.

“ఇదేందమ్మా?”

“ఆయప్ప రాత. బావి కట్టినోడు అడుగు వరసలో రాసిపెట్టి పోతాడు సామీ. నీళ్లున్నన్నాళ్లూ ఎవురికీ కనపడదు. ఎండిన్నాడు చూసుకుంటారు. తూర్పు పక్క ఇంకా మూడు బారలు దిగితే ఊట ఉండాదని దీనర్థం. ఆ పొద్దు గుత్తేదారు చాల్లే అని పని ఆపించినాడు.”

“ఈ బావి తిప్పయ్య తవ్విందా? ఆ మాట నాతో అనలేదే!”

“నీళ్లు తాగేవాళ్ల ముందర నేను తవ్వినా అని చెప్పుకోరు సామీ, మాలో.”

తవ్వకం మొదలెట్టిన పదకొండో రోజున తూర్పు పక్క రాతి సందులోంచి నీళ్లు ఎగదన్నాయి. గట్టు మీద జనం కేకలకు రేకులు అదిరాయి. జయరాముడు మాత్రం ఎవరికీ ముఖం చూపించలేక ఆఫీసులోకి పోయి కూర్చున్నాడు.

కొత్త జాబితా తీశాడు. టైపు కొట్టేయలేదు. దానికి పైన, మొట్టమొదటి వరసలో, ‘బావి పని - నేర్పేవారు మారెక్క’ అని రాశాడు.

“సర్టిఫికెట్టు గడి ఖాళీగా ఉంటే తిప్పి పంపుతారు సార్” అన్నాడు ఆంజినప్ప.

“పంపనీ. మళ్లీ పంపుదాం. మళ్లీ తిప్పి పంపితే మళ్లీ పంపుదాం. తిప్పయ్య గీసిన ఆ పాత కాగితం ఇట్లియ్యి, దీనికి కుట్టాల.”

పాత కట్టలోంచి ఆంజినప్ప వెతికి తెచ్చిన కాగితాన్ని జయరాముడు బల్ల మీద పరిచాడు.

జాబితాకు కుట్టే ముందు, ‘చదువు రాదు’ అన్న మాట పక్కనున్న తిప్పయ్య పేరును అదే ఎర్ర సిరాతో కొట్టేసి, అక్కడ తన పేరు రాసుకున్నాడు.