మూత తీసిన ఫ్లాస్కు

"ఇది మనిషి నోట్లో ఉండే క్రిమి! మూత తీసిన ఫ్లాస్కు ముందు కూర్చుని కబుర్లు చెప్పిందెవరు?" ల్యాబు పెద్దాయన రిపోర్టును బల్ల మీద విసిరికొట్టాడు.

ఎదురుగా నిలబడ్డ వాగుడుకాయ ఆ కాగితం అందుకుంది. ల్యాబులో అందరూ ఆమెను పిలిచే పేరదే.

"ఆ ఫ్లాస్కులో పెంచుతున్నవి ఆవు రక్తనాళం లోపలి పొర నుంచి తీసిన కణాలు. ఒకదాన్నొకటి ఆనుకుని పరుచుకోవడానికి పన్నెండు రోజులు పడుతుంది. అవి ఇలా కుళ్లిపోవడం మూడోసారి!"

"నేను కాదు సార్. లోపలికెళ్తే మాస్కు తియ్యను, నోరు విప్పను. ఒట్టు!"

"ఆ గదిలో పనిచేసేది మీరిద్దరే. నువ్వు కాకపోతే మీ అక్కా? ఆవిడ నోట్లోంచి మాట ఊడిపడగా ఎవరైనా విన్నారా? సాయంత్రం తాళంచెవి ఇచ్చేసి వెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు."

వాగుడుకాయ తన బల్ల దగ్గరికి వచ్చింది. ఆయనన్నదీ నిజమే. తను అక్కా అని పిలిచే ఆ పెద్దావిడదీ తనదీ రెండేళ్లుగా పక్కపక్క బల్లలే. "తిన్నావా అక్కా?" అంటే "ఊఁ". "వాన పడేలా ఉంది కదక్కా?" అంటే అదీ లేదు. ఈ కొత్త ఊళ్లో తనకు పలకరించడానికి ఉన్నది ఆ ఒక్క మనిషే. గోడతో మాట్లాడినట్టే ఉండేది. గదికెళ్లాక ఏడుపొచ్చేది. అయినా తెల్లారగానే సిగ్గు లేకుండా మళ్లీ పలకరించేది.

కళ్లు తుడుచుకుని కప్పూ గొడుగూ సంచిలో వేసుకుంది. తాళంచెవి అక్క చేతికే ఇచ్చి, వెళ్తున్నానని ఒక్క మాట చెప్పిపోదామని కణాల గది వైపు నడిచింది. ఆఖరిసారి ఆ "ఊఁ" అయినా వినాలనిపించింది.

తలుపు కొంచెం తోసేసరికి లోపల్నుంచి గలగలా మాటలు. గడపలోనే ఆగిపోయింది.

అక్క వీపు ఇటు ఉంది. మాస్కు గడ్డం కిందికి లాగేసి ఉంది. మూత తీసిన ఫ్లాస్కు మీదికి వంగి, ఒక్కతే ఆ కణాలతో మాట్లాడుతోంది.

"మీకేమర్రా, హాయిగా ఆనుకుని పడుంటారు. నాకే, మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగలదు. సరే, ఇంకోసారి అంటాను, వినండి. 'తిన్నానమ్మా, నువ్వు తిన్నావా? అవును, వాన పడేలాగే ఉంది.' ఈసారి తడబడలేదు కదూ? పాపం, రెండేళ్లుగా ఆ పిల్లే పలకరిస్తోంది. రేపు పొద్దున్న ముందు నేనే పలకరిస్తాను."