మేడమీది స్టారు

"పెదకాకానిలో గుంటూరు వెలుగు, మార్టూరులో క్వారీ లైట్లు. చుక్కలు కనపడేంత చీకటి కావాలంటే ఇక దర్శి దాకా పోవాల్సిందే," అన్నాడు కరుణాకర్, మేడమీద టెలిస్కోపు దించుతూ.

సండేస్కూలు పిల్లలకు రేపే నక్షత్రాలు చూపిస్తానని మాటిచ్చేసింది అతని భార్య మహిమ. దిగులుగా తలెత్తింది. వెదురుగడ చివర, అత్తయ్య కట్టించిన క్రిస్మస్ స్టారు ధగధగలాడుతోంది.

మహిమ నాలుక కరుచుకుని స్విచ్చి ఆపింది.

"పండగ నెల్లో స్టారు ఆర్పిందెవరే?" కేకేస్తూ మెట్లెక్కి వచ్చింది అత్త దీవెనమ్మ.

"ఒక్కసారి పైకి చూడండత్తయ్యా."

దీవెనమ్మ చూసింది. కోపం మర్చిపోయి, చాలాసేపు చూసింది.

"యేసయ్య పుట్టినప్పుడు జ్ఞానులు చూసిన చుక్క ఇందులో ఏదే?"

"ఏమో అత్తయ్యా. పక్కింటి వెలుగుకి సగమే కనపడుతున్నాయి."

దీవెనమ్మ గబగబా పిట్టగోడ దగ్గరికి నడిచింది.

"ఒరేయ్ ఇమ్మానియేలూ! మీ స్టారు ఆర్పేసి ఇట్టా రారా! జ్ఞానులు చూసిందేదో వెతకాలి!"