సత్యవ్వ నడక

అందరికీ కోపం ముక్కు మీద ఉంటే రజనికి నాలుక చివర ఉంటుంది. ముక్కు మీదుంటే తుడుచుకోవడానికైనా కాస్త వ్యవధి దొరికేది.

ఆ కోపంలోనే నెల కిందట కూతురు మనీషాను చుట్టాల ముందు నానా మాటలూ అంది. అప్పటినుంచి మనీషా తల్లితో మాట్లాడడం మానేసింది. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే వస్తుంది, నోరు మాత్రం విప్పదు. ఇంకో ఇరవై రోజుల్లో నిజామాబాద్‌లో ఉద్యోగంలో చేరాలి. పిల్ల ఇలాగే మూతి ముడుచుకుని బస్సెక్కేస్తుందేమోనని రజనికి ఒకటే గుబులు.

దుబాయ్‌లో ఉన్న భర్త కుమార్ ఒక వీడియో పంపాడు. పేరు ‘ధ్యాన నడక’.

“పొద్దుగాల అర్ధగంట గిట్ల నడువు. మనసు నిమ్మళమైతదట.”

“నువ్వు ఆడ కూసోని నన్ను నడువుమంటున్నవా?” అని రజని ఫోన్ పెట్టేసింది. పెట్టేసి, మర్నాడు ఐదున్నరకే బూట్లు వేసుకుంది.

సిరిసిల్ల పోస్టాఫీసు నుంచి రజని బదిలీ మీద కోరుట్లకు వచ్చి మూడు నెలలే అయింది. ఇరుగుపొరుగు ఇంకా సరిగ్గా తెలియదు. చెవిలో వీడియో గురువు మాత్రం తోడున్నాడు.

“అడుగును గమనించండి. ఆలోచన వస్తే రానివ్వండి, పోతే పోనివ్వండి.”

రావడం వరకు బాగానే ఉంది. పోవడమే లేదు. నానబెట్టిన మినప్పప్పు, పోస్టాఫీసులో పెండింగ్ పని, మనీషా మూతి, అన్నీ వచ్చి తిష్ట వేశాయి.

మూడో రోజు ఒక పెద్దావిడ కనిపించింది. చలికి శాలువాను కనుబొమల దాకా కప్పుకుంది. గోడ వారగా, చప్పుడు లేకుండా, చూపు నేల మీదే పెట్టి నడుస్తోంది. చెవిలో ఏమీ లేదు. అంతలో ఒకాయన బ్యాగు భుజాన వేసుకుని గేటు తీశాడు. ఆవిడ టక్కున ఆగింది. గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది. ఆయన బండి మలుపు తిరిగేదాకా కదల్లేదు. ఆ తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ నడిచింది.

రజని నోరు తెరుచుకుని చూసింది. పన్నెండో పాఠంలో నేర్పిస్తానని గురువు ఊరిస్తున్న ‘నడకలో నిలకడ’ ఇదే కదా! ఈమె ఏ పాఠమూ లేకుండానే చేసేస్తోంది.

గబగబా వెనక నుంచి వెళ్లి పలకరించింది.

“నీ పేరేందవ్వా?”

“సత్యవ్వ. షుగరచ్చింది బిడ్డా. డాక్టరు నడువుమన్నడు.”

అంతే. తల కూడా ఎత్తలేదు. ఇంత సాధన ఉన్నా ఇసుమంత గర్వం లేదని రజని మురిసిపోయింది.

ఆ రోజుతో గురువును చెవిలోంచి పీకి జేబులో వేసింది. సత్యవ్వకు పది అడుగుల వెనక నడవసాగింది. ఆమె ఆగితే ఆగింది, సందులో దూరితే దూరింది, గోడకు తిరిగితే తిరిగింది. ఒక ఇంటివాళ్లు కారులో సామాన్లు సర్దుకుంటుంటే ఇద్దరూ పది నిమిషాలు గోడకు ముఖం పెట్టి నిలబడ్డారు. గోడ మీద నాచు అంత పచ్చగా ఉంటుందని రజని తన నలభై నాలుగేళ్లలో మొదటిసారి చూసింది. ఆ పది నిమిషాలూ మినప్పప్పు గుర్తే రాలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక సాయంత్రం మనీషా పాలు పొంగబెట్టి స్టవ్వంతా పాడుచేసింది. రజని నాలుక లేవబోయింది. ఠక్కున వంటింటి గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుంది.

ఒక నిమిషం అయింది. రెండు నిమిషాలయ్యాయి.

“మమ్మీ... ఏమైంది? గోడ మీద బల్లి ఉన్నదా?”

నెలన్నర తర్వాత పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట. రజనికి నవ్వు, ఏడుపు కలిసే వచ్చాయి.

“బల్లి లేదు, ఏం లేదు. కోపమచ్చిందే. పోయేదాకా నిలవడ్డ.”

మనీషా పకపకా నవ్వింది.

“ఆ దినం అందరి ముందల నిన్ను అట్ల అనేది లేకుండె బిడ్డా,” అంది రజని. మనీషా వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది. ఆ రాత్రి తల్లీకూతుళ్లు అన్నం తిన్నాక కూడా కంచాల ముందు నుంచి లేవలేదు, అన్ని కబుర్లు.

ప్రయాణం రోజు రానే వచ్చింది. పొద్దున ఆరింటికి సూట్‌కేసు ఈడ్చుకుంటూ ఇద్దరూ బస్టాండుకు బయల్దేరారు. వీధి మలుపులో సత్యవ్వ కనబడింది. వీళ్లను చూస్తూనే చటుక్కున సందులోకి తప్పుకుని గోడకు తిరిగింది.

“గామెనే మనీషా! మన ఇంట్ల లొల్లి ఆపిన గురువు. పా, కాళ్లు మొక్కుదువు.”

రజని కూతుర్ని చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కుపోయింది.

“సత్యవ్వా, మా బిడ్డ కొలువుల చేరవోతున్నది. గిట్ల ఆగుడు, గోడ దిక్కు తిరుగుడు నీకు ఎవలు నేర్పిన్రో గని, దీనికి గూడ ఒక మాట చెప్పు. నీ పుణ్యముంటది.”

సత్యవ్వ ఇటు తిరగలేదు. శాలువాను ముఖం మీదికి ఇంకాస్త లాక్కుని, గోడతోనే అంది.

“మంచి పని మీద పోయే పిల్లను నా ముందలికి ఎందుకు తెచ్చినవ్ బిడ్డా, మొగడు సచ్చినదాన్ని, పొద్దుగాల ఎవ్వలకు ఎదురు రావద్దనే గదా పదకొండేండ్ల సంది గిట్ల గోడకు తిరుగుతున్న!”