తడి స్పాంజి

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో పట్నంలో, తండ్రి ఇంటి ముందుగదిలో లిగయా శవపేటికను ఉంచారు. మగపిల్లాడిగా పుట్టి ఆడపిల్లగా బతికిన మనిషి. బంధువులు ఆమె జుట్టు కత్తిరించి, మగవాళ్ల చొక్కా తొడిగారు.

పార్లర్‌లో ఆమెతో కలిసి పనిచేసిన మారికిత్ చూసి ఊరుకోలేకపోయింది. తడి స్పాంజికి ఫౌండేషన్ అంటించి, స్నేహితురాలి పాలిపోయిన చెంపమీద అద్దసాగింది.

తండ్రి లేచి వచ్చాడు. రంగులు పూసుకుంటోందని లిగయాను ఇంట్లోంచి గెంటేసింది ఆయనే. మారికిత్ చెయ్యి ఆగిపోయింది.

"అదిలా ఇయ్యి," అన్నాడు.

విసిరేస్తాడనుకుంటూనే ఇచ్చింది. ఆయన వంగి రెండో చెంపకు పూయడం మొదలుపెట్టాడు.

"గోడకు సున్నమేస్తున్నావా బాబాయ్? రుద్దకు, మెల్లగా అద్దు," అంది మారికిత్, ఏడుపులోనే నవ్వొచ్చి.

"కొడుక్కి ఆ పూతలేంట్రా? సిగ్గులేదూ!" వెనకనుంచి ఎవరో పెద్దాయన గదిమాడు.

తండ్రి తల తిప్పలేదు.

"కొడుకెవరు? ఇది నా కూతురు."

ఆ ఒక్క మాట చెవిన పడుతుందేమోననే, లిగయా ఏటా క్రిస్మస్‌కు వచ్చి, మూసిన ఈ తలుపు ముందు కాసేపు నిలబడి వెళ్లిపోయేది.