పన్నెండో పేరు

సుందరరాజు వస్తున్నాడంటే నంద్యాలలో అధికారులు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవారు.

ఒకప్పుడు టీచర్ల బదిలీలు పంచాయతీ సమితి పెద్దల చేతిలో ఉండేవి. నమస్కారం పెట్టలేదని ఒకరిని, ఓట్లు వేయించలేదని ఇంకొకరిని నల్లమల అంచుకు తోసేవారు. డెబ్బై రెండులో సుందరరాజు టీచర్లను కూడగట్టి ముప్పై తొమ్మిది రోజులు రోడ్డు మీద కూర్చోబెట్టాడు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లాడు. బయటికొచ్చాక అనుకున్నది సాధించాడు. టీచర్ల సంఘం ఇచ్చే జాబితా ప్రకారమే బదిలీలు. ముందు అడిగినవారికి ముందు. అర్జీ ఎవరిదైనా సంఘం ఆఫీసులో, అందరి ఎదుటే ఇవ్వాలి.

ఎనభై ఒకటి వానాకాలం. ఆదివారం. ఆళ్లగడ్డ అవతల ఒక అడవి పల్లెలో పనిచేసే ప్రేమకుమారి టీచర్ అర్జీ పట్టుకుని వరుసలో నిలబడింది. జ్వరానికి పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"మా ఆయన నంద్యాలలో ఉండాడు సార్. మూడేండ్ల నుంచి నేను ఆడ ఒక్కదాన్నే ఉండా. మలేరియా వదల్తాలేదు."

సుందరరాజు కాగితం మీదనుంచి తలెత్తలేదు.

"నీ ముందర పదకొండు మంది ఉండారు."

కార్యదర్శి మద్దయ్య ఆగలేకపోయాడు. "అన్నా, ఈ ఒక్క పేరు పైన రాయి. ఎవురూ ఏమీ అనుకోరు."

"అనుకోరు. అందుకే రాయను."

మద్దయ్య ఇంకేదో అనబోయాడు. ప్రేమకుమారే వారించింది.

"వద్దులే మద్దన్నా. వరస రానీ."

మధ్యాహ్నం బస్సుకు ఆమె వెళ్లిపోయింది. బస్సు మలుపు తిరిగేదాకా సుందరరాజు ఆఫీసు గుమ్మంలోనే నిలబడ్డాడు.

క్రిస్మస్ దగ్గర పడేసరికి పదకొండు పేర్లూ అయిపోయాయి. పన్నెండో ఆర్డరు చేతికి రాగానే సుందరరాజు దాన్ని జేబులో పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

బస్టాండులో దిగుతుంటే ఒక టీచర్ పరుగున ఎదురొచ్చాడు.

"పొద్దున ఎద్దులబండిలో ఆస్పత్రికి తెచ్చినారు సార్. జొరం మెదడుకెక్కిందంట. గంట కూడా బతకలేదు."

ఆస్పత్రి వరండాలో ఇరవై మంది టీచర్లు ఉన్నారు. సుందరరాజును చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు.

కొత్తగా వచ్చిన గుమాస్తా రిజిస్టరు తెరిచాడు.

"శవాన్ని ఎవురికి అప్పజెప్పాల? ఈమె మొగుడు వచ్చినాడా?"

సుందరరాజు కలం అందుకుని, 'భర్త' అని రాసి ఉన్న చోట సంతకం పెట్టాడు.