బ్రేకులు బాగున్న బండి

“పక్కకు జరుగమ్మా. మిషన్‌లో పెట్టాలి.”

ఆమె జరగలేదు. ఎర్ర బైకు హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడింది.

తుక్కు యార్డులో మిషన్ నడిపే పెద్దాయనకు ఒళ్లు మండింది. రోడ్ల మీద రేసులు పెట్టుకునే కుర్రాళ్ల బళ్లు దొరికితే నుజ్జు చేసేయమని కొత్త చట్టం. బండి తాలూకు మనిషి దగ్గరుండి కళ్లారా చూడాలన్నది అందులో మెలిక. ఆ మెలికంటే పెద్దాయనకు మహా ఇష్టం. వచ్చిన ప్రతి కుర్రాడికీ నాలుగు చీవాట్లు పెట్టి మరీ మీట నొక్కేవాడు.

“యువరాజుగారు రాలేదేం? తప్పు తనదీ, తలవంపులు తల్లికీనా?”

ఆమె కొంగుతో సీటు మీది దుమ్ము తుడిచింది.

“పెట్రోలు తీసేసే ముందు ఒక్కసారి స్టార్ట్ చేస్తారా అన్నయ్యా? ఆ చప్పుడు సందు మలుపులో వినపడగానే లేచి గడియ తీసేదాన్ని.”

గొణుక్కుంటూనే స్టార్ట్ చేశాడు. యార్డంతా దద్దరిల్లింది. ఆమె కళ్లు మూసుకుని వింది. బండి వాలులో ముందుకు జారబోతే ఆయన బ్రేకు నొక్కాడు. ఠక్కున ఆగింది.

“బ్రేకులు కొత్తవే. ఆ మాత్రం బుద్ధి ఉందన్నమాట.”

“నా పోరు పడలేక వేయించాడు.”

“మరి పోలీసులకెలా దొరికాడు?”

“నేనే ఫోన్ చేసి పట్టించాను. బండి పోయినా బిడ్డ దక్కుతాడని.”

పెద్దాయన ఇంజన్ ఆపేశాడు. బండి వదిలేయమని కాళ్లావేళ్లా పడే తల్లుల్నే ఇన్నాళ్లూ చూశాడు. నోరు జారినందుకు సిగ్గేసింది.

“అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నువ్వు ముందే మేలుకున్నావు తల్లీ.”

ఆమె చెయ్యి తీసేసింది. ఆయన పెట్రోలు తీసి, బండిని మిషన్‌లోకి ఎక్కించి మీట నొక్కాడు. ఎర్ర రేకు కరకరమంటూ అణిగిపోయింది. ఆమె రెప్ప వేయకుండా చూసింది. అంతా అయ్యాక గుప్పిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పెద్దాయన మిషన్ ఆపి దగ్గరికి వచ్చాడు.

“ఇనుప ముక్క కోసం ఏడుస్తారా ఎవరైనా? ఊరుకో. రేపు వాణ్ణి నా దగ్గరికి పంపు. తిట్టనులే. పక్కన కూచోబెట్టుకుని రెండు మంచి మాటలు చెబుతా.”

“ఇక రాడు అన్నయ్యా. తన బండిని పోలీసులు పట్టుకెళ్లిన మర్నాడే ఎవరిదో బండి అడిగి తీసుకుని రేసుకు పోయాడు. దానికి బ్రేకులు లేవు.”